నేవీ ఆటకి ఇంకెన్ని రోజులు?

న్యూజెర్సీలో మా ఎడిసన్‌లో ఇద్దరు తెలుగువాళ్లు కలిస్తే ముందు అడిగేది పిల్లలు ఏ కాలేజీలో చేరారనే. 2024 మే నెలలో ఒకరోజు గుళ్లో ప్రసాదం లైన్లో నా ముందు నిలబడ్డ ఆవిడ అదే అడిగింది. వెస్ట్ పాయింట్ అన్నాను. ఆవిడ ఒక్క క్షణం ఆగి, "అయ్యో, కంప్యూటర్ సైన్స్ ఎక్కడా రాలేదాండీ?" అంది.

ఆవిడ తప్పేం లేదు. అమెరికా సైన్యానికి ఆఫీసర్లను తయారుచేసే కాలేజీ అది. ఫీజు లేదు, పైగా నెలనెలా పిల్లాడి చేతికే కొంత జీతం ఇస్తారు. చదువయ్యాక మాత్రం కనీసం ఐదేళ్లు సైన్యంలో పనిచేయాలి. మార్కులొక్కటే చాలవు, మన ప్రాంతపు కాంగ్రెస్ సభ్యుడో సెనెటరో నామినేట్ చేయాలి. నామినేషన్ అంటే మన వైపు సిఫార్సు ఉత్తరం లాంటిది కాదు, ఇంటర్వ్యూకి పిలిచి గుచ్చి గుచ్చి అడుగుతారు. మావాడు ఇవన్నీ మాకు చెప్పకుండా సగం దాకా చేసేసుకున్నాడు. మావారు మూడు రోజులు మాట్లాడలేదు. నేను మా నాన్నకి ఫోన్ చేసి ఏడ్చాను.

ఏడవడానికి తప్పు మనిషిని ఎంచుకున్నాను. మా నాన్నది తాడేపల్లిగూడెం దగ్గర మాధవరం. మిలిటరీ మాధవరం అంటేనే మా వైపు అందరికీ తెలుస్తుంది. మొదటి ప్రపంచ యుద్ధం నాటినుంచీ ఆ ఊరి మగపిల్లలు సైన్యంలోకి వెళ్తూనే ఉన్నారు. మా నాన్న కూడా ఇరవై రెండేళ్లు చేసి వచ్చాడు. నా చిన్నతనమంతా ఇన్లాండ్ లెటర్లలోనూ, ఏడాదికి రెండు నెలల సెలవులోనూ గడిచింది. మిలిటరీ వాడికి మాత్రం నన్నివ్వకండని పద్దెనిమిదేళ్లప్పుడే చెప్పేశాను. అందుకే సాఫ్ట్‌వేర్ సంబంధం చూశారు. ఇప్పుడు కొడుకు ఇలా చేస్తే, ఫోన్లో అవతలి నుంచి మా నాన్న గొంతు వణుకుతూ, "నిజంగానా అమ్మాయ్? ఆఫీసరా?" అన్నాడు. ఆయన సంతోషం చూసి నాకు ఒళ్లు మండింది.

జులై మొదటి తారీఖున దింపి వచ్చాం. దాన్ని ఆర్-డే అంటారు. తల్లిదండ్రుల్నీ పిల్లల్నీ ఒక హాల్లో కూర్చోబెట్టి, ఏవో నాలుగు మాటలు చెప్పి, ఇక వీడ్కోలు చెప్పుకోండి అన్నారు. అందుకు ఇచ్చింది నిమిషమో నిమిషంన్నరో. నేను అందులో సగం వాడి చొక్కా కాలర్ సరిచేయడానికే వాడేశాను. సాయంత్రానికి గుండు లాంటి క్రాఫుతో, ముక్కూ మొహం తెలియని వెయ్యి మంది పిల్లల మధ్య కవాతు చేస్తూ కనిపించాడు. కనిపించాడో లేదో కూడా ఖాయంగా చెప్పలేను. మావారు ఒకణ్ణి చూపించారు, నేను ఇంకొకణ్ణి చూసి చెయ్యి ఊపాను.

ఆ వేసవి ఆరు వారాల పాటు ఫోన్ లేదు, ఉత్తరాలే. మళ్లీ ఉత్తరాలు! మూడో ఉత్తరంలో ఒక వింత సంగతి రాశాడు. అక్కడ మొదటి ఏడాది పిల్లల్ని ప్లీబ్‌లంటారు. సీనియర్ ఎవరైనా ఎదురొచ్చి అడిగితే వాళ్లు కంఠస్థంగా అప్పజెప్పాల్సినవి బోలెడు ఉంటాయి. వాటిలో ఒకటి 'ద డేస్'. ఆర్మీ అంటే వీళ్ల జట్టు, నేవీ అంటే నౌకాదళ అకాడమీ జట్టు. ఫుట్‌బాల్‌లో ఆర్మీ నేవీని ఓడించడానికి ఇంకా ఎన్ని రోజులుందో రోజూ లెక్క చెప్పాలి. ఇవాళ్టి రోజు సగం గడిచిపోయింది కాబట్టి ఆ మిగిలిన ముక్కకి కూడా వాళ్ల భాషలో ఒక మాట ఉంది. ఆ ఉత్తరాన్ని మా నాన్నకి ఫోన్లో చదివి వినిపిస్తే ఆయన నవ్వి, "అంటే 'నూట ముప్ఫై రోజుల చిల్లర' అన్నమాట" అన్నాడు. మా ఇంట్లో ఆ మాట అలా స్థిరపడింది. ఎన్ని రోజుల చిల్లర?

నాకు అర్థమైన ముఖ్యమైన సంగతి ఇంకొకటి. ప్లీబ్‌కి బయటికి వెళ్లే సెలవులు దాదాపు ఉండవు. కానీ సొంత మైదానంలో ఫుట్‌బాల్ ఆట ఉన్న రోజున, ఆట అయ్యాక కాసేపు ఇంటివాళ్లతో గడపనిస్తారు. ఆ సంవత్సరం ఆర్మీ జట్టు సొంత మైదానంలో ఆడే ఆటలు ఆరు. అంటే నా కొడుకుని చూసే రోజులు ఆరు. ఆ రాత్రే ఆరింటికీ టికెట్లు కొనేశాను. నాకు అప్పటికి ఫుట్‌బాల్ గురించి తెలిసింది ఒక్కటే, అమెరికా వాళ్లు దాన్ని చేత్తో ఆడతారని.

మొదటి ఆట ఆగస్టు 30, శుక్రవారం సాయంత్రం, లీహై అనే కాలేజీతో. మా ఇంటినుంచి గంటన్నర దారి, వీకెండ్ ట్రాఫిక్‌లో రెండున్నర గంటలైంది. గేటు దగ్గర గుర్తింపు కార్డులు చూస్తారు, కారు దూరంగా పెట్టించి బస్సులో పైకి తీసుకెళ్తారు. నేను పులిహోర, కోడి వేపుడు, ఆవకాయ సీసా పెద్ద సంచిలో సర్దుకుని బయల్దేరాను. స్టేడియంలోకి లోపలి వస్తువులు కనిపించే ప్లాస్టిక్ సంచి తప్ప తీసుకెళ్లకూడదట. ఎవరూ చెప్పలేదు. మావారు మొత్తం సంచిని మోసుకుంటూ బస్సెక్కి మళ్లీ కారు దాకా వెళ్లి వచ్చేసరికి మొదటి క్వార్టర్ అయిపోయింది. ఆయన మళ్లీ మాట్లాడ్డం మానేశారు.

కానీ ఆ చోటు చూడాలి. కొండ మీద స్టేడియం, పక్కనే చెరువు, కింద హడ్సన్ నది. పేరు రాసేది ఒకలా, పలికేది 'మైకీ' అని. డెనిస్ మైకీ అనే కేడెట్ 1890లో ఇక్కడ మొట్టమొదటి జట్టు కట్టి నేవీతో ఆడించాడు. నేవీ వాళ్లు 24-0తో చితక్కొట్టి పోయారు. ఎనిమిదేళ్లకి ఆ మైకీ క్యూబాలో స్పెయిన్‌తో జరిగిన యుద్ధంలో చనిపోయాడు. స్టేడియం కట్టి 2024కి సరిగ్గా నూరేళ్లు. ఆ ఏడాదే ఒక వైపు స్టాండ్లు పడగొట్టి కొత్తగా కడుతున్నారు, అంచేత అటు చూస్తే క్రేన్లు, ఇటు చూస్తే బూడిదరంగు బట్టల్లో నాలుగు వేల మంది పిల్లలు. కేడెట్లు ఆట చూస్తూ కూర్చోరు, నిలబడే ఉంటారు. ఆర్మీ పాయింట్లు తెచ్చినప్పుడల్లా ఫిరంగి పేలుతుంది, కొందరు కేడెట్లు కిందికి పరిగెత్తి ఎన్ని పాయింట్లయితే అన్ని పుషప్‌లు తీస్తారు. ఆ రోజు 42-7తో గెలిచారు. చివరి పుషప్‌ల బ్యాచ్‌ని చూసి నా చేతులు లాగాయి.

ఆట అయ్యాక వాడొచ్చాడు. ఎనిమిది కిలోలు తగ్గాడు. నిలబడే తిన్నాడు, అంత వేగంగా ఎవరైనా పులిహోర తినగలరని నాకు తెలియదు. గోడ గడియారం కింద నిలబడి, వరుసలో చేరడానికి ఇంకా ఎన్ని నిమిషాలుందో అరిచి చెప్పడం వాళ్ల డ్యూటీల్లో ఒకటట. దాంతో వాడికి నిమిషాల పిచ్చి పట్టింది. "అమ్మా, ఇంకా 40 నిమిషాలుంది", "ఇంకా 25". నేను మిగిలింది ఒక స్టీలు డబ్బాలో సర్ది ఇచ్చాను. వచ్చే ఆటకి కడిగి పట్టుకురమ్మన్నాను. "ఎస్ మేడమ్" అన్నాడు. అలవాటులో అనేశాడు. ఇద్దరం ఒకళ్లనొకళ్లం చూసుకున్నాం.

ఇక ఆట నేర్చుకోక తప్పలేదు. నాలుగు ప్రయత్నాల్లో పది గజాలు ముందుకెళ్లాలి, వెళ్తే మళ్లీ నాలుగు ప్రయత్నాలు. అది పది నిమిషాల్లో అర్థమైంది. మిగతా జట్ల ఆట టీవీలో చూస్తే బంతి ఆకాశంలో ఎగురుతుంటుంది. మా వాళ్లు మాత్రం నేలనంటుకుని మూడు గజాలు, నాలుగు గజాలు, మళ్లీ మూడు గజాలు. "ఇదేం ఆట, ఎడ్లబండి నడిచినట్టుంది" అన్నాను మావాడితో. వాడికి కోపమొచ్చింది. వాడు విడమరిచి చెప్పాక నాకు పేకాట గుర్తొచ్చింది.

మామూలు జట్టయితే ఎదుటివాళ్లలో ముందున్న ప్రతివాడికీ ఒకణ్ణి అడ్డం పెట్టి నెట్టిస్తుంది. ఆర్మీ ఒకణ్ణి కావాలనే వదిలేస్తుంది. వాడి మీదికి ఎవరూ వెళ్లరు. బంతి అందుకుని ఆట నడిపే క్వార్టర్‌బ్యాక్ వాడినే చూస్తుంటాడు. వాడు బయట కాపు కాస్తే బంతిని మధ్యలోంచి దూసుకెళ్లేవాడి పొట్టలో పెట్టేస్తాడు. వాడు లోపలికి దూకితే బంతి ఇవ్వకుండా తనే ఉంచుకుని బయటికి పరిగెడతాడు. అక్కడా దారి మూసుకుపోతే పక్కనే పరిగెత్తుతున్న ఇంకొకడికి విసురుతాడు. ఎదుటివాడు ఏ ముక్క దించుతాడో చూసి మనది దించడమే. దాన్ని ట్రిపుల్ ఆప్షన్ అంటారు. పెద్ద కాలేజీల్లో 140 కిలోలు దాటిన కుర్రాళ్లు లైన్లో నిలబడతారు. రేపు సైన్యంలో బరువు లెక్క చూసుకోవాల్సిన మా పిల్లలు అలా పెరగరు. అంతలేసి మనుషుల్ని నెట్టలేరు కాబట్టి ఒకణ్ణి నెట్టకుండానే పని జరుపుకునే ఆట అన్నమాట. రూల్స్ మారి నడుము కింద అడ్డుకోవడం కష్టమయ్యాక, 2023లో కోచ్ జెఫ్ మాంకెన్ ఈ పద్ధతి వదిలేసి కొత్తగా ఆడించి చూశాడట. ఆరు గెలిచి ఆరు ఓడారు. 2024కి మళ్లీ పాత దారికే వచ్చాడు.

వచ్చాక ఆగలేదు. ఫ్లోరిడా అట్లాంటిక్, రైస్, టెంపుల్, టల్సా, యూఏబీ, ఈస్ట్ కరోలినా, అన్నీ కాలేజీ జట్లే. ఒక్కటీ ఓడలేదు, చాలావాటిలో పోటీ కూడా లేదు. టల్సా మీద 49-7. ఇంకో మార్పు ఏమిటంటే, ఇన్నేళ్లూ ఎక్కువగా ఒంటరిగా ఆడిన ఆర్మీ ఆ ఏడాదే ఫుట్‌బాల్‌కి అమెరికన్ అథ్లెటిక్ కాన్ఫరెన్స్‌లో చేరింది. కాన్ఫరెన్స్ అంటే కొన్ని కాలేజీలు కలిసి ఆడుకునే లీగ్ లాంటిది, చివర్లో ఒక టైటిల్ ఉంటుంది.

క్వార్టర్‌బ్యాక్ పేరు బ్రైసన్ డేలీ, టెక్సాస్‌లో అబెర్నతీ అనే చిన్న ఊరివాడు, నూరు కిలోల మనిషి. క్వార్టర్‌బ్యాక్ అంటే తప్పించుకుని తిరిగేవాడనుకున్నాను, ఇతను తనే వెళ్లి గుద్దుకునే రకం. గోదావరి జిల్లా మనిషిని, కబడ్డీలో అలాంటి కూతగాణ్ణి గుర్తుపట్టనా? మా నాన్నకి వీడియో పంపితే, "వీడు మన తణుకు వైపు కుర్రాడిలా ఉన్నాడే" అన్నాడు. మధ్యాహ్నం పన్నెండు ఆటంటే ఆయనకి రాత్రి తొమ్మిదిన్నర. మా అమ్మ తిట్టినా పడుకోకుండా నా వాట్సాప్ కోసం చూసేవాడు. నేను స్కోరు పంపాలి, ఆయన ఒక బొటనవేలు పంపుతాడు. ఆ తర్వాత తప్పకుండా ఒక ప్రశ్న: ఎన్ని రోజుల చిల్లర?

అక్టోబరు 12న యూఏబీతో ఆట నాటికి 63. ఆ రోజు పొద్దున పెందలాడే వెళ్లి కవాతు చూశాం. శనివారం ఆట అంటే మూడు గంటల ముందు కేడెట్లంతా కింద మైదానంలో బ్యాండుతో కవాతు చేస్తారు. 36 కంపెనీలు. కంపెనీ జెండా చూసి మావాడి వరుస పట్టుకోవడం అప్పటికి నేర్చుకున్నాను, వరుసలో వాడెక్కడో మాత్రం ఎప్పటికీ దొరకడు. చుట్టూ కొండల మీద ఆకులు ఎర్రబడి ఉన్నాయి. ఆ సాయంత్రం మా కారు డిక్కీ దగ్గర నలుగురు పిల్లలు చేరారు. టెక్సాస్ వాడొకడు, ఒహాయో పిల్ల ఒకతె, ఇంకా ఇద్దరు. వాళ్ల అమ్మానాన్నలు అంత దూరం నుంచి ప్రతి ఆటకీ రాలేరు. ఒహాయో పిల్ల ఆవకాయ బ్రెడ్డు మీద రాసుకుని తినేసింది. కళ్లమ్మట నీళ్లు కారుతుంటే కూడా ఇంకో ముక్క అడిగింది. ఆ తర్వాత నుంచి నేను ఆరుగురికి వండుకెళ్లేదాన్ని. మావాడు డబ్బా తెచ్చాడు. కడిగాడు గానీ మూత మీద మరక అలాగే ఉంది. పోనీలే అనుకున్నాను.

నవంబరు 2, ఎయిర్ ఫోర్స్. 42 రోజుల చిల్లర. అమెరికాలో సైన్యానికి ఒకటి, నౌకాదళానికి ఒకటి, వైమానిక దళానికి ఒకటి అకాడమీలున్నాయి, మూడింటి మధ్య కమాండర్ ఇన్ చీఫ్ ట్రోఫీ అని వేరే పోటీ. ఆ రోజు డేలీ ఆడటం లేదని మైదానంలోకి వచ్చాకే తెలిసింది. నా కడుపులో తిప్పింది, ఆ టెన్షన్ చూసి మావారికి నవ్వొచ్చింది. జూన్‌లో బంతి ఆకారమే తెలియని మనిషిని కదా. డ్వేన్ కోల్‌మన్ అనే కుర్రాడు బదులుగా ఆడాడు, కాన్యే ఉడో అనే రన్నింగ్ బ్యాక్, అంటే బంతి పట్టుకుని పరిగెత్తేవాడు, ఒక్కడే 158 గజాలు పరిగెత్తాడు. 20-3. చలి మొదలైంది, నా చేతుల్లో చేతులు పెట్టుకుని మావాడు వేడి చేసుకున్నాడు, చిన్నప్పుడు మంచులో ఆడి వచ్చినప్పటిలా. కానీ అరచేతులు గట్టిబడిపోయాయి.

నవంబరు 9న నార్త్ టెక్సస్‌లో ఆట, టీవీలో చూశాం. ఆ రోజు జరిగింది నాకు ఇప్పటికీ కళ్లముందుంది. ఆర్మీ 7-3తో ముందుంది, బంతి తమ గోల్ లైన్ దగ్గరెక్కడో ఉంది. అక్కడినుంచి మొదలెట్టారు. మూడు గజాలు, రెండు గజాలు, ఐదు గజాలు. నేను లేచి పప్పు పొయ్యి మీద పెట్టి వచ్చాను, వాళ్ల దగ్గరే బంతి. కుక్కర్ కూతలు లెక్కపెట్టి దింపి వచ్చాను, ఇంకా వాళ్ల దగ్గరే. పోపు వేశాను. 21 సార్లు ఆడి 94 గజాలు నడిచి, బంతిని అవతలి గీత దాటించి టచ్‌డౌన్ చేశారు. గడియారం మీద 13 నిమిషాల 54 సెకన్లు. క్వార్టర్ అంటేనే 15 నిమిషాలు. ఎదుటి జట్టులో పరుగెత్తేవాళ్లు, విసిరేవాళ్లు అందరూ గట్టు మీద నిలబడి చేతులు నలుపుకోవడమే. 14-3తో ఆట ముగిసింది. బోరు ఆట అని టీవీలో ఎవరో అన్నారు. నాకు మాత్రం చేతిలో ఉన్నదాన్ని వదలకుండా అంతసేపు పట్టుకోగలగడం ఎంతో నచ్చింది. మాకు జులైలో ఇచ్చింది నిమిషంన్నర.

దాంతో తొమ్మిదికి తొమ్మిది. 1996 తర్వాత అలా జరగడం అదే మొదటిసారి. అప్పటికే దేశంలో టాప్ 25లో ఉన్నారు. 1944, 45లో వరసగా దేశంలోనే మొదటి స్థానంలో ఉన్న జట్టని మావాడు గొప్పలు పోయేవాడు. ఆ రోజులు తాతయ్య పుట్టకముందువిరా అన్నాను.

నవంబరు 23న న్యూయార్క్‌లో యాంకీ స్టేడియంలో నోటర్ డామ్‌తో. 21 రోజుల చిల్లర. ఎక్కువ రాయడానికేం లేదు. 49-14. ఎదురుగా ఉన్నవాళ్లు మరో సైజు మనుషులు, మరో వేగం. ఆ జట్టు ఆ ఏడాది జాతీయ ఫైనల్ దాకా వెళ్లిందని తర్వాత తెలిసింది, ఆ రాత్రి తెలిసినా నాకు ఓదార్పేమీ ఉండేది కాదు. టికెట్ల ధరలు ఇంట్లో మళ్లీ ఎత్తకూడదని మావారితో ఒప్పందం.

థ్యాంక్స్‌గివింగ్‌కి వాడు ఇంటికొచ్చాడు. ఐదు నెలల తర్వాత సొంత మంచం మీద పద్నాలుగు గంటలు నిద్రపోయాడు. నేను రెండుసార్లు వెళ్లి ఊపిరి చూసి వచ్చాను. లేచాక దుప్పటి చతురస్రంగా, అంచులు కత్తిలా మడత పెట్టాడు. వీడేనా, తడి తువ్వాలు మంచం మీద పడేసేవాడు? శనివారం యూటీఎస్ఏ అనే కాలేజీ మీద 29-24తో గెలవడం సోఫాలో కూర్చునే చూశాం. అది సొంత మైదానంలో ఆరో ఆట, టికెట్లు వృథా అయ్యాయి. నాకేం బాధ లేదు, మనిషి పక్కనే ఉన్నాడు.

కాన్ఫరెన్స్‌లో ఆడిన ఎనిమిదీ గెలిచారు కాబట్టి టైటిల్ ఆట కూడా మైకీలోనే పెట్టారు. లెక్కలో లేని ఏడో రోజు! డిసెంబరు 6, శుక్రవారం రాత్రి ఎనిమిదింటికి, టులేన్‌తో. 8 రోజుల చిల్లర. ఆ చలిని మాటల్లో ఎలా చెప్పాలో తెలియదు. నేను చీర మీద కాదు గానీ, స్వెటర్ మీద స్వెటర్ మీద కోటు వేసుకుని, కాళ్లకి రెండేసి సాక్సులు తొడుక్కుని, ఫ్లాస్కులో మిరియాల చారు పోసుకెళ్లాను. గేటు దగ్గర ఫ్లాస్కు ఆపేశారు. మూడు నెలలైనా బుద్ధి రాలేదని మావారు ఆకాశం వైపు చూశారు. మా నాన్నకి మాత్రం హాయి, అక్కడ శనివారం పొద్దున ఆరున్నర, కాఫీ గ్లాసుతో కూర్చున్నాడు.

డేలీ నాలుగు టచ్‌డౌన్‌లు చేశాడు. 35-14. 1890 నుంచి ఆడుతున్న జట్టు, 134 ఏళ్లలో మొదటిసారి ఒక కాన్ఫరెన్స్ టైటిల్ గెలిచింది. ఆఖరి గంట కొట్టగానే కేడెట్లు స్టాండ్లలోంచి మైదానంలోకి దూకారు. కింద బూడిదరంగు వరద. అడుగు తీసి అడుగు వేయడానికి కూడా ఎవరో ఒకరి పర్మిషన్ కావాల్సిన పిల్లలు, ఎటు పడితే అటు పరిగెత్తుతున్నారు, ఎగురుతున్నారు. నేను రెయిలింగ్ పట్టుకుని వాడి కోసం వెతికాను. దొరకలేదు. ఆ రోజు దొరకలేదని మొదటిసారి బాధపడలేదు. మా నాన్న నుంచి బొటనవేళ్లు ఇరవై దాకా వచ్చాయి.

తర్వాతి శనివారం, డిసెంబరు 14, మేరీల్యాండ్‌లో లాండోవర్. నేవీతో ఆట. పొద్దున మూడింటికి లేచి మూడున్నర గంటలు డ్రైవ్ చేశాం. అధ్యక్షుడిగా ఎన్నికైన ట్రంప్ వస్తున్నాడని తనిఖీలు, లైన్లు. కానీ అంత పొద్దున వెళ్లినందుకు ఒకటి చూడగలిగాం. ఆట ముందు రెండు అకాడమీల పిల్లలూ మొత్తానికి మొత్తం మైదానం నిండా కవాతు చేస్తూ వచ్చి నిలబడతారు. ఇటు నాలుగు వేల మంది, అటు నాలుగు వేల మంది. 125వ ఆట అది. ఆర్మీ జట్టు ఆ రోజు బెల్జియంలో బాస్టోన్ దగ్గర 1944 చలికాలంలో పోరాడిన 101వ ఎయిర్‌బోర్న్ సైనికుల గుర్తుగా తయారుచేసిన యూనిఫాం వేసుకుంది.

వేసుకుని ఓడిపోయింది. 31-13. నేవీ క్వార్టర్‌బ్యాక్ బ్లేక్ హార్వత్ రెండు వందల గజాలు పైగా పరిగెత్తాడు. మా ఆటని మా మీదే ఆడేశారు. డేలీ విసిరినవి మూడు వాళ్ల చేతుల్లో పడ్డాయి. ఇంకా ఘోరం చూడండి, నేవీ బంతిని తన్నేస్తుందనుకుని మా వాళ్లు వెనక్కి తగ్గితే, వాళ్లు దాన్ని మధ్యలో నిలబడే భారీ మనిషికి ఇచ్చారు. లాండన్ రాబిన్సన్ అట, 130 కిలోల వాడు, 29 గజాలు పరిగెత్తాడు. అలాంటి శరీరం అలా పరిగెత్తడం చూసి నేను శత్రుత్వం మర్చిపోయి చప్పట్లు కొట్టబోయాను, మావారు చెయ్యి పట్టుకున్నారు.

ఆట అయ్యాక రెండు జట్లూ కలిసి ముందు ఓడినవాళ్ల కాలేజీ పాట దగ్గర నిలబడతాయి, తర్వాత గెలిచినవాళ్ల పాట. అందుకే అక్కడ అందరూ 'రెండో పాట మాది కావాలి' అనుకుంటారు. మా పాట ముందొచ్చింది. పాట మధ్యలో డేలీ ముఖం పెద్ద తెర మీద చూపించారు, నేను చూడలేక కింద కాగితం కప్పుల వైపు చూశాను. ఏడాదంతా ఎక్కడా తలవంచని కుర్రాడు.

పార్కింగ్‌లో ఇరుక్కుని ఉండగా మావాడి మెసేజ్ వచ్చింది. ఒక్క అంకె: 364.

నాన్నకి పంపాను. చాలాసేపు ఏమీ రాలేదు. తర్వాత, "చిల్లర రాయలేదేం?" అని వచ్చింది.

ఆ తర్వాత కొద్ది రోజులకే ఇంకో కబురు. ఎయిర్ ఫోర్స్ ఆట గెలిపించిన కాన్యే ఉడో వేరే కాలేజీకి వెళ్లిపోతున్నాడని. రెండో ఏడాది కుర్రాడు, ఆ సీజన్‌లో 1,117 గజాలు పరిగెత్తాడు. వెళ్లే హక్కు అతనికుంది. అకాడమీల్లో ఎవరైనా సరే మూడో ఏడు క్లాసులు మొదలయ్యేలోపు మానేసి వెళ్లిపోవచ్చు, సైన్యానికి ఏ బాకీ ఉండదు. ఆ గీత దాటాకే ఐదేళ్ల ఒప్పందం మెడకి పడుతుంది. మిగతా కాలేజీల ఆటగాళ్లు తమ పేరు మీద ప్రకటనల డబ్బు తీసుకోవచ్చు, అకాడమీ పిల్లలకి అదీ లేదు. నెట్‌లో కొందరు అతన్ని తిట్టారు. నేను తిట్టలేదు. నిజం చెప్పాలంటే, ఆ వార్త చదివినప్పుడు నాకు మొదట తోచింది ఉడో గురించి కాదు. మావాడికి కూడా ఇంకా ఏడాదిన్నర టైముందని. ఈ లెక్క నేను జులై నుంచీ లోపల్లోపల వేసుకుంటూనే ఉన్నాను, వాళ్లు నేవీ రోజులు లెక్కపెట్టినట్టు. మావారికి కూడా చెప్పలేదు.

శీతాకాలం సెలవులకి వాడు ఇంట్లో ఉండగా డిసెంబరు 28న శ్రీవ్‌పోర్ట్‌లో ఇండిపెండెన్స్ బౌల్ అని సీజన్ చివరి ఆట వచ్చింది. లూజియానా టెక్ మీద 27-6. డేలీ ఆ ఏడాది పరిగెత్తి చేసిన టచ్‌డౌన్‌లు 32. మొత్తం 12 విజయాలు, అకాడమీ చరిత్రలోనే మొదటిసారి. మావాడు సోఫా ముందు నేల మీద 27 పుషప్‌లు తీశాడు. వాడి వెనక మావారు కూడా మొదలెట్టి ఆరు దగ్గర ఆపేశారు.

జనవరి 5, ఆదివారం, దింపడానికి వెళ్లాం. పాలిసేడ్స్ దారిలో చెట్లన్నీ మోడులై ఉన్నాయి. మావారు పెట్రోలు పోయించుకోవడానికి దిగినప్పుడు, వెనక్కి తిరిగి అడిగేశాను. "నీకు కూడా ఎప్పుడైనా వెళ్లిపోవాలనిపించిందా?"

వాడు కిటికీలోంచి చూస్తూ, "అక్టోబర్‌లో ప్రతిరోజూ" అన్నాడు.

"ఇప్పుడో?"

"ఇప్పుడు జనవరి కదమ్మా."

అంతకంటే చెప్పలేదు. మావారు తిరిగొచ్చి కూర్చున్నారు. అదే సమయానికి నాన్న ఫోన్ చేశాడు, మనవడికి ప్రయాణం జాగ్రత్త చెప్పడానికి. ఆయనకి కావాల్సింది అది కాదని మాకు తెలుసు. మావాడు ఫోన్ తీసుకుని, వెనక సీట్లోనే నడుం నిటారుగా పెట్టి, వచ్చీ రాని తెలుగులో అప్పజెప్పాడు. "తాతయ్యా, నేవీని ఆర్మీ ఓడించడానికి 342 రోజుల చిల్లర." అటునుంచి మా నాన్న గట్టిగా "శభాష్" అన్నాడు, అదేదో అప్పుడే ఓడించి వచ్చినట్టు.

గేటు దగ్గర ఈసారి ఎవరూ నిమిషాలు లెక్కపెట్టలేదు, వెనక కార్లు మాత్రం ఆగి ఉన్నాయి. సంచులు దించుకున్నాడు. నేను స్టీలు డబ్బా చేతిలో పెట్టాను, సున్నుండలు. వాడు నాలుగడుగులు వేసి, వెనక్కి తిరిగి డబ్బా పైకెత్తి చూపించాడు.

"ఇది ఎప్పుడివ్వను? ఆటలు అయిపోయాయిగా."

"మూత మీద మరక పోయేదాకా తోము, తర్వాత చూద్దాం" అన్నాను.